స్నోమొబైళ్లు తిరిగే దారిలో క్రాస్ కంట్రీ స్కీయింగ్: మిన్నెసోటా మంచులో తొలి అడుగులు వేసేవారికి

మినియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో చలికాలమంటే నవంబరులో తలుపులు బిగించుకుని ఏప్రిల్లో తెరవడమే. నేనూ మొదటి రెండేళ్లు అలాగే గడిపాను. మూడో ఏడు ఆఫీసులో ఒకాయన పట్టుబట్టి నా కాళ్లకు క్రాస్ కంట్రీ స్కీలు కట్టించారు. ఆ తర్వాత మంచున్న శనివారం ఇంట్లో కూర్చున్నది చాలా తక్కువ.

కొండ మీంచి కిందికి జారే స్కీయింగ్ వేరు, ఇది వేరు. ఇందులో పైకి లాక్కెళ్లే లిఫ్టు ఉండదు. బూటు ముందు భాగం మాత్రమే స్కీకి తగులుకుని ఉంటుంది, మడమ లేస్తూ ఉంటుంది. నడకా జారుడూ కలిసిన ఒక లయలో అడవి మధ్య మైళ్లకొద్దీ వెళ్లొచ్చు. కొత్తగా మొదలుపెట్టిన మనవాళ్లు నన్ను అడిగేవి ఎప్పుడూ రెండే: ‘ఈరోజు మంచు బాగుంటుందా?’, ‘స్నోమొబైళ్లు (మంచు మీద పరుగెత్తే మోటారు బండ్లు) తిరిగే దారిలో మనం వెళ్లొచ్చా?’ రెండిటికీ ఒక్క మాటలో జవాబు లేదు. నేను ఏ వరసలో చూసుకుంటానో ఆ వరసలోనే చెబుతాను.

1. ముందు ఆ దారి ఎవరిదో తెలుసుకోండి

తెల్లగా, వెడల్పుగా, చదునుగా కనబడిన దారల్లా మనది కాదు. మిన్నెసోటాలో స్నోమొబైళ్ల కోసం 22,000 మైళ్లకు పైగా దారులున్నాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని చూసుకునేది ఊరూరా ఉన్న స్నోమొబైల్ క్లబ్బులే. రాష్ట్రం కొంత డబ్బిస్తుంది, చాకిరీ మాత్రం సభ్యులది. పగలంతా ఉద్యోగం చేసుకుని, రాత్రి పదింటికి గ్రూమర్ (మంచును చదును చేసే యంత్రం) ఎక్కి తెల్లవారేదాకా దారి చదును చేసేవాళ్లున్నారు. ఆ దారులు చాలాచోట్ల రైతుల పొలాల మీదుగా, సొంత స్థలాల మీదుగా పోతాయి. యజమాని దయతలచి చలికాలం వరకు మాత్రమే ఇచ్చిన అనుమతి అది, అదీ స్నోమొబైళ్లకు. మనం స్కీలేసుకుని అక్కడ తిరిగితే ఆయన వచ్చే ఏడు దారే మూసేయవచ్చు. అప్పుడు నష్టపోయేది మనం కాదు, ఆ క్లబ్బు.

అందుకని దారి మొదట్లో ఉన్న బోర్డు నిలబడి చదవండి. దారులు మూడు రకాలు. స్కీలకు మాత్రమే ఉన్నవి మొదటి రకం, వాటిలోకి స్నోమొబైల్ రాకూడదు. రెండోది స్నోమొబైళ్ల దారి. దీన్ని చెట్లకూ కర్రలకూ కొట్టిన నారింజ రంగు పలకలను బట్టి గుర్తుపట్టవచ్చు. మూడోది అందరిదీ. కొన్ని అటవీ రోడ్లు, గడ్డకట్టిన సరస్సులు, కొన్ని రాష్ట్ర దారులు ఇందులోకి వస్తాయి. డులూత్ నుంచి గ్రాండ్ మరే దాకా సుపీరియర్ సరస్సు పైనున్న కొండల్లో 146 మైళ్లు సాగే నార్త్ షోర్ స్టేట్ ట్రెయిల్ చలికాలంలో ముఖ్యంగా స్నోమొబైళ్లదే. బోర్డు చూశాక కూడా అనుమానం మిగిలితే ఆ పార్కు ఆఫీసుకో, అటవీ ఆఫీసుకో ఫోన్ చేసి అడగండి. ఐదు నిమిషాల పని.

రాష్ట్రం సాయంతో నడిచే స్కీ దారులకు 16 ఏళ్లు, ఆ పైబడినవాళ్లకు గ్రేట్ మిన్నెసోటా స్కీ పాస్ ఉండాలి. నగర పార్కుల్లో కొన్నిచోట్ల వాళ్ల పాసు వేరు. గ్రూమింగ్ జరిగేది ఆ డబ్బుతోనే, కాబట్టి ఎవరూ చూడకపోయినా తీసుకోండి.

2. మంచు గురించి మూడు రోజుల వెనక నుంచి ఆలోచించండి

మొదట్లో నేను ఫోన్లో ఆ రోజు ఉష్ణోగ్రత ఒక్కటే చూసుకుని బయల్దేరేవాణ్ని. అది చాలదు. మీ కాలి కింద ఉన్న మంచు ఈరోజుది కాదు. అది పడ్డాక ఎండకు కరిగిందా, రాత్రికి మళ్లీ బిగిసిందా, మీద వాన పడిందా, గాలి కొట్టిందా, గ్రూమర్ ఎప్పుడు తిరిగింది, ఇవన్నీ కలిపితేనే ఈరోజు మంచు.

చలి 15 నుంచి 25 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య, అంటే సెల్సియస్‌లో మైనస్ 9 నుంచి మైనస్ 4 వరకు ఉండి, రాత్రి గ్రూమింగ్ జరిగి, గాలి లేకపోతే ఇక ఆలోచించకండి, వెళ్లండి. గ్రూమర్ మంచు రేణువులను నలగ్గొట్టి, కుదించి పోతుంది. అవి ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడటానికి కొన్ని గంటలు పడుతుంది. గోడకు సిమెంటు పూత వేశాక ఆరనిచ్చినట్టే ఇదీ. అందుకే గ్రూమర్ వెళ్లిన వెంటనే దాని వెనకాలే స్కీ చేస్తూ పోకూడదు. రాత్రి చేసిన దారి తెల్లవారేసరికి దువ్వెనతో దువ్వినట్టు సన్నటి గీతలతో మెరుస్తూ ఉంటుంది, పక్కన రెండు గాడులు ఉంటాయి. మట్టి రోడ్డు మీద ఎడ్లబండి గాడి చూసినవాళ్లకు ఆ రెండు గీతలు కొత్త కాదు. క్లాసిక్ పద్ధతిలో వెళ్లేవాళ్లు ఆ గాడిలో స్కీలు పెట్టి నేరుగా వెళతారు. స్కేటింగ్ పద్ధతివాళ్లు పక్కనున్న వెడల్పాటి భాగంలో కాళ్లు ఏటవాలుగా తోసుకుంటూ పోతారు.

చలి మరీ ఎక్కువైతే స్కీ జారదు. జారాలంటే స్కీ కింద సన్నటి నీటి పొర ఏర్పడాలి. సున్నా ఫారెన్‌హీట్ కన్నా కిందికి దిగేకొద్దీ ఆ పొర ఏర్పడటం కష్టమై, మంచు ఇసకలా పట్టుకుంటుంది. అలాంటి రోజు మామూలుగా వెళ్లే దూరంలో సగమే పెట్టుకోండి.

సున్నా సెల్సియస్ దాటితే అసలు చిక్కు మొదలవుతుంది. పగలు కరిగి, రాత్రి బిగిసి, తెల్లారేసరికి గాడి గాజు గొట్టంలా ఉంటుంది. దిగుడు వచ్చిందంటే ఆపుకోలేరు. ఆ రోజుల్లో పొద్దున్నే వెళ్లకుండా పదిన్నర దాకా ఆగండి. పైపొర కాస్త మెత్తబడుతుంది. మధ్యాహ్నం రెండు దాటాక మళ్లీ బురదలా అవుతుంది. మార్చిలో మంచి మంచు దొరికేది ఆ మధ్య మూడున్నర గంటలే, అయితే ఆ గంటలు బంగారం. రేణువులు పంచదార పలుకుల్లా విడివిడిగా, ఎండకు మెరుస్తూ ఉంటాయి.

దారి దగ్గరికి చేరాక చేత్తో చూడండి. ఒక గ్లవుజు తీసి గుప్పెడు మంచు పిసకండి. నెయ్యి చాలని సున్నుండలా రాలిపోతే పొడి మంచు, చలి మంచు. ఉండ కట్టి నిలిస్తే తేమ ఉన్నట్టు. పిసికినప్పుడు వేళ్ల మధ్య నీరు కారితే గాడులు నిలవవు, ఆ రోజు మీ స్కీలూ పాడు, దారీ పాడు. చేతిలో ఉండే కట్టకుండా పలుకులు గుచ్చుకుంటే అది కరిగి బిగిసిన పాత మంచు. నా మట్టుకు ఈ గుప్పెడు పరీక్ష చెప్పినంత ఏ యాపూ చెప్పలేదు.

2023–24 చలికాలం మాకు పెద్దగా మంచే లేదు. ఆ ఫిబ్రవరిలో పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో జరిగే పేరున్న బిర్కెబైనర్ పందేన్ని కూడా 10 కిలోమీటర్ల చుట్టు మీద యంత్రాలు చేసిన మంచు పరిచి నడిపారు. అలాంటి ఏళ్లలో యంత్రంతో మంచు చేసే పార్కులే దిక్కు: మేపుల్ గ్రోవ్‌లో ఎల్మ్ క్రీక్, బ్లూమింగ్టన్‌లో హైలండ్ లేక్, మినియాపొలిస్‌లో థియొడోర్ వర్త్. మేపుల్ గ్రోవ్ హిందూ దేవాలయానికి వచ్చే కుటుంబాలకు ఎల్మ్ క్రీక్ కారులో కొద్ది నిమిషాలే. దర్శనం అయ్యాక పిల్లలకు అక్కడే అద్దె స్కీలు కట్టించవచ్చు. యంత్రం మంచు గట్టిగా, గరుగ్గా ఉంటుంది, పడితే దెబ్బ తగులుతుంది. కానీ ఎండకు త్వరగా లొంగదు.

3. మంచును బట్టి స్కీలు

కొత్తవాళ్లు కింద చేప పొలుసుల్లాంటి గీతలున్న స్కీలు తీసుకోండి. పట్టు కోసం స్కీ అడుగున రాసే మైనం గొడవ ఉండదు, వెనక్కి జారవు. నాలుగైదు సార్లు వెళ్లాక ఇష్టం నిలిస్తే కింద మొహెయిర్ (ఒక రకం మేక వెంట్రుకల) పట్టీ ఉన్న స్కిన్ స్కీలు చూడండి. మిన్నెసోటాలో మంచు వారంలో మూడు రంగులు మారుతుంది కాబట్టి ఇవి బాగా సరిపోతాయని నా అభిప్రాయం. గట్టి గడ్డ మీద మాత్రం పట్టీ కాస్త జారుతుంది.

మైనం రాసుకునేవాళ్లకు రంగులే గుర్తు. బాగా చలికి ఆకుపచ్చ, మామూలు చలికి నీలం, సున్నా సెల్సియస్ దగ్గరికి ఊదా, తడికి ఎరుపు. పలచగా నాలుగైదు పూతలు వేసి, ఒక్కో పూతనూ కార్కుతో రుద్దాలి. ఒకేసారి మందంగా పూస్తే మంచు అతుక్కుని అడుగు ముందుకు పడదు. పాత డబ్బాల్లో ఫ్లోరో మైనం, అంటే ఫ్లోరిన్ రసాయనాలు కలిపిన మైనం, ఉంటే వాడకండి. ఆ రసాయనాలు మంచు కరిగాక నేలలోకి, నీటిలోకి పోయి అక్కడే ఉండిపోతాయి. అలాంటివి కలిపిన స్కీ మైనం అమ్మకాన్ని మిన్నెసోటా 2025 జనవరి 1 నుంచి నిషేధించింది.

స్నోమొబైళ్లు తిరిగిన దారిలో గాడి ఉండదు. వాటి ముందు స్కీల అడుగున ఉండే ఇనుప బద్దలు గీతలు కోస్తాయి, వెనక బెల్టు మంచును తవ్వి వరస గుంతలు చేస్తుంది. సన్నటి పందెం స్కీలు అక్కడ తిరగబడతాయి. కాస్త వెడల్పుగా, అంచుకు ఇనుప బద్ద ఉన్నవి అక్కడ నయం.

4. ఒంటి మీద

లోపల ఊలు గానీ చెమట పీల్చే బట్ట గానీ, మధ్యలో వెచ్చటిది, పైన గాలి ఆపేది. కాటన్ బనియన్ వద్దే వద్దు. చెమటకు తడిసి, ఆగిన ఐదో నిమిషంలో ఒళ్లు చల్లబరుస్తుంది. సున్నా ఫారెన్‌హీట్‌లో గంటకు 15 మైళ్ల గాలి ఉంటే ఒంటికి మైనస్ 19 లాగే తగులుతుంది, బయట పెట్టిన చర్మం అరగంటలో చచ్చుబడవచ్చు. దిగుడులో మన వేగం కూడా గాలే అని మరచిపోకండి. నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకుంటే మూత దగ్గర గడ్డ కట్టదు. నేను మాత్రం ఫ్లాస్కులో మిరియాల చారు తీసుకెళతాను, ఆ చలిలో ఒక్క గుక్క చాలు.

అందరి దారిలో వెళ్లే రోజున నల్ల జాకెట్, తెల్ల జాకెట్ రెండూ వద్దు. నారింజ గానీ నిమ్మపండు రంగు గానీ వేసుకోండి, పైన మెరుపు పట్టీల చొక్కా తొడుక్కోండి. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం సంచిలో ఉండాల్సిందే.

5. స్నోమొబైల్ ఎదురైనప్పుడు

ఇది కాస్త నిదానంగా చదవండి.

స్కీయింగ్ మొదలుపెట్టిన రెండో ఏడు డులూత్‌కు ఉత్తరాన ఒక అటవీ రోడ్డు మీద స్కీ చేస్తున్నాను. చెవుల్లో పాటలు. ఒక మలుపులో బైండింగులో (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులో) మంచు ఇరుక్కుంటే, దారి మధ్యలోనే ఆగి, వంగి పోల్ (చేతికర్ర) మొనతో గీకుతున్నాను. కాలి కింద నేల సన్నగా వణికింది. తలెత్తేసరికి మలుపులోంచి దీపం వచ్చేసింది. ఆయన బ్రేకు పట్టి, పక్క దిబ్బలోకి బండి దూర్చి ఆపాడు. మా మధ్య రెండు స్కీల దూరం కూడా లేదు. ఆయన హెల్మెట్ తీశాడు, అరవలేదు. ‘నా వెనక మా అమ్మాయి వస్తోంది, ముందు పక్కకు జరగండి’ అన్నాడు. జరిగాను. పొగలా లేచిన మంచుపొడిలోంచి రెండో బండి మెల్లగా వచ్చి ఆగింది. ఆ పిల్లకు పదిహేనేళ్లుంటాయి. ఆ రోజు తప్పు పూర్తిగా నాది. ఆ తర్వాత అందరి దారిలో ఏనాడూ చెవిలో ఏదీ పెట్టుకోలేదు.

మిన్నెసోటాలో ప్రభుత్వ భూముల మీద, సరస్సుల మీద స్నోమొబైల్ గరిష్ఠ వేగం గంటకు 50 మైళ్లు. అంటే సెకనుకు 22 మీటర్లు. మీరు శబ్దం విని, అటు తిరిగి, పక్కకు జరిగేసరికి ఐదు సెకన్లు పడితే ఆ బండి 110 మీటర్లు వచ్చేస్తుంది. ఆ డ్రైవరుకు హెల్మెట్ లోపల సొంత ఇంజను మోత తప్ప ఏదీ వినబడదు. మీరు అరిచినా ఉపయోగం లేదు, కనబడాలి. పాత టూ స్ట్రోక్ బండ్లు మైలు దూరం నుంచే వినబడేవి. ఇప్పటి ఫోర్ స్ట్రోక్‌వి తక్కువ చప్పుడుతో వస్తాయి, అందులోనూ గాలి మీ వైపు నుంచి అటు వీస్తుంటే దగ్గరికొచ్చేదాకా తెలియదు.

కాబట్టి ఎప్పుడూ కుడివైపు, ఒకరి వెనక ఒకరు. పిల్లలుంటే ముందొక పెద్ద, వెనకొక పెద్ద. మోత వినబడగానే తిన్నగా ఉన్న చోట కుడి అంచు దాటి మంచులోకి దిగండి. దిబ్బ మెత్తగా ఉంటే కాలు దిగబడి పడతారు, అందుకని స్కీలతో నాలుగుసార్లు తొక్కి చదును చేసుకుని నిలబడండి. స్కీల తోకలు దారిలోకి ఉండకూడదు, పోల్స్ ఒంటికి ఆనించి పట్టుకోవాలి. ముఖం దారి వైపు తిప్పి, ఒక చెయ్యి పైకెత్తండి. చూశానని వాళ్లూ చెయ్యి ఎత్తుతారు.

మలుపులోనూ, గట్టు దాటిన వెంటనే కిందనూ ఎప్పుడూ ఆగొద్దు. మలుపులోనే చిక్కుకుంటే లోపలి అంచుకు వెళ్లండి. అదుపు తప్పిన బండి బయటి అంచుకే జారుతుంది.

మొదటి బండి వెళ్లగానే దారిలోకి వచ్చేయకండి. అది లేపిన మంచుపొడిలో వెనక వచ్చేది కనబడదు. గుంపులో ముందున్నవాళ్లు చాలామంది వేళ్లు చూపిస్తారు. మూడు వేళ్లంటే వెనక ఇంకా ముగ్గురు. చివరి మనిషి పిడికిలి చూపిస్తాడు. అందరూ అలా చూపించరు, కాబట్టి చెవితో కూడా సరిచూసుకుని, పొడి అణిగేదాకా ఆగండి.

రాత్రి గానీ తెల్లవారుజామున గానీ తిరుగుతూ మెరిసే దీపం కనబడితే అది గ్రూమర్. దారి మొత్తం వెడల్పు దానికే కావాలి. పూర్తిగా బయటికి వచ్చి, వెనక లాగే చట్రం కూడా దాటేదాకా నిలబడండి.

వేళ కూడా మన చేతిలోనే ఉంది. శనివారం పదకొండు నుంచి పొద్దు గూకేదాకా స్నోమొబైళ్ల రద్దీ. ఉదయం ఏడున్నరకు అదే దారి రాత్రి గ్రూమింగ్‌తో గట్టిగా, ఖాళీగా, పెట్రోలు వాసన లేకుండా ఉంటుంది. వెడల్పు కూడా ఉంటుంది కాబట్టి స్కేటింగ్ చేసేవాళ్లకు అనుమతి ఉన్న స్నోమొబైల్ దారి ఆ వేళలో పండగే.

6. సరస్సు దాటాల్సి వస్తే

మనిషి నడవడానికి కనీసం 4 అంగుళాలు, స్నోమొబైల్‌కు 5 నుంచి 7 అంగుళాల మందమున్న కొత్త, తేటైన గడ్డ ఉండాలని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. తెల్లగా పాలిపోయిన గడ్డకు ఆ లెక్క రెట్టింపు. మీద మంచు మందంగా ఉంటే అది దుప్పటిలా పనిచేసి గడ్డను పెరగనివ్వదు, ఆ బరువుకు నీరు పైకి ఊరి మంచు కింద దాగుతుంది. స్కీ అందులో తడిసి గాలికి రాగానే రాయిలా బిగుస్తుంది. జేబులో ప్లాస్టిక్ గీకుడు బిళ్ల పెట్టుకోండి. వాగు కలిసేచోట, వంతెనల కింద గడ్డ పలచన. స్నోమొబైల్ జాడ ఉంది కదా అని దాటేయకండి, అది పోయిన వారం జాడ కావచ్చు.

7. వచ్చేవాళ్ల కోసం దారి మిగల్చండి

గాడిలో బూట్లతో నడవకండి. ఒక్క అడుగు గుంత రాత్రికి బిగిస్తే మర్నాడు దిగుడులో ఎవరి మోకాలో విరుగుతుంది. పడితే ఆ గుంతను మంచుతో పూడ్చి, స్కీతో అదిమి కదలండి. కుక్కలకు వేరే దారులున్నాయి, అక్కడికి తీసుకెళ్లండి. అనుమతి ఉన్న స్నోమొబైల్ క్లబ్బు దారిని తరచూ వాడుకునేవాళ్లు ఆ క్లబ్బుకు ఏటా కొంత పంపడం న్యాయం. నేను పంపుతాను. శరత్కాలంలో అడ్డంగా పడ్డ చెట్లు తీసే రోజున ఒక పూట వెళ్లి పనిచేస్తే, ఆ జిల్లాలో మీ చెయ్యి గుర్తుపట్టి బండి నెమ్మది చేసేవాళ్లుంటారు.

8. ఇంటికి వచ్చాక మంచు కబురు రాయండి

‘సూపర్‌గా ఉంది’ అని రాస్తే తర్వాతివాళ్లకు ఏమీ తెలియదు. వేళ, చలి, గ్రూమింగ్, చెడ్డ చోటు, ఎదురైనవాళ్లు, ఈ ఐదూ ఉండాలి. మొన్న నేను రాసింది ఇలా ఉంది:

‘శనివారం ఉదయం 8:10, చలి 14 ఫారెన్‌హీట్, గాలి లేదు. రాత్రి గ్రూమ్ చేశారు, గాడి గట్టిగా ఉంది, నీలం మైనం సరిగ్గా పట్టింది. రెండో చెక్క వంతెన తర్వాత దక్షిణం వాలులో 40 అడుగుల మేర గడ్డ, స్కీలు విప్పి పక్కనుంచి నడిచాను. స్నోమొబైల్ దారి అడ్డంగా వచ్చేచోట హెచ్చరిక బోర్డు మంచులో కూరుకుపోయి ఉంటే తవ్వి నిలబెట్టాను, అయినా అక్కడ ఆగి రెండు వైపులా వినండి. పది దాటాక ఎండ ఆ వాలు మీదే పడుతుంది.’